బరంపురం మగ్గం, రెండు దేశాల టీవీ: ఫ్రేమ్ రేట్లతో నా అనుభవం

ఒడిశాలోని మా బరంపురంలో పట్టు నేసే దేవాంగుల ఇళ్ల మీద ఈమధ్య 26 నిమిషాల డాక్యుమెంటరీ ఒకటి పూర్తి చేశాను. అది రెండు చోట్లకి వెళ్లాలని మొదటి నుంచీ తెలుసు. ఒకటి హైదరాబాద్‌లోని ఒక తెలుగు ఛానల్. రెండోది అమెరికాలో ఒక స్థానిక ఛానల్‌లో వారానికోసారి వచ్చే తెలుగు కార్యక్రమం. దాన్ని నడిపేవాళ్లలో మా పెద్దమ్మ అల్లుడు ఒకరు. యూట్యూబ్ సంగతి ఆ రెండూ అయ్యాక చూద్దాం అనుకున్నాం.

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తెలుగువాళ్ల పెళ్లి వీడియోలు తీసి బతికేవాళ్లం చాలామందిమి ఉన్నాం. అందరి దగ్గరా ఇప్పుడు మంచి కెమెరాలే ఉన్నాయి. ఎవరిని కదిపినా 4కె గురించే మాట్లాడతారు. ఫ్రేమ్ రేట్ గురించి, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు తీస్తామన్నదాని గురించి మాత్రం ఎవరూ ఆలోచించరు, కెమెరా ఎలా వస్తే అలా వాడేస్తారు. పెళ్లివారికి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేదాకా దానివల్ల ఇబ్బంది కనపడదు. టీవీకి ఇవ్వాల్సి వచ్చినప్పుడే చిక్కంతా బయటపడుతుంది. రిజల్యూషన్, అంటే బొమ్మలోని చుక్కల సంఖ్య, ఎక్కువుంటే తర్వాత తగ్గించుకోవచ్చు, తక్కువుంటే కొంతవరకు పెంచుకోవచ్చు. ఫ్రేమ్ రేట్ విషయంలో ఆ వెసులుబాటు చాలా తక్కువ. అది షూటింగ్ మొదలయ్యేలోపే తేలిపోవాలి. నేను ఏం తేల్చుకున్నానో, ఎందుకు తేల్చుకున్నానో ఇక్కడ రాస్తున్నాను. మన వైపు ఎవరికైనా పనికొస్తుంది.

కెమెరా ముట్టుకోకముందే రెండు చోట్ల నుంచీ టెక్నికల్ షీట్లు తెప్పించుకున్నాను. హైదరాబాద్ వాళ్లు అడిగింది 1920 బై 1080, 1080ఐ50, పై ఫీల్డ్ ముందు, 50 మెగాబిట్ల ఎక్స్‌డీక్యామ్ 422 రకం ఫైలు, ఆడియో మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత బిగ్గరగా ఉండాలో చెప్పే కొలత). అమెరికా వాళ్లు అడిగింది కూడా 1920 బై 1080యే, కానీ 1080ఐ 59.94, డ్రాప్‌ఫ్రేమ్ టైమ్‌కోడ్, మొత్తం నిడివి కచ్చితంగా 28 నిమిషాల 30 సెకన్లు, ఆడియో మైనస్ 24. ఈ ఐ, ఫీల్డ్, డ్రాప్‌ఫ్రేమ్ అంటే ఏమిటో కింద చెబుతాను. బొమ్మ సైజు రెండింటికీ ఒకటే. తేడా అంతా సెకనుకు ఎన్ని బొమ్మలు అన్నదాని దగ్గరే ఉంది.

ఈ తేడా ఎక్కడ పుట్టిందో తెలిస్తే నిర్ణయం తేలికవుతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. టీవీ పుట్టిన రోజుల్లో బొమ్మ వేగాన్ని ఆ దేశపు కరెంటు వేగానికి దగ్గరగా పెట్టుకున్నారు. లేకపోతే తెర మీద చారలు పాకేవి. మనకీ ఐరోపాకీ కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేమునీ రెండు ఫీల్డులుగా విడదీసి 50 ఫీల్డులు పంపేవారు. ఒక ఫీల్డులో బేసి గీతలు, ఇంకోదాంట్లో సరి గీతలు. దాన్నే ఇంటర్‌లేస్ అంటారు, 1080ఐ లో ఆ ఐ అదే. మొత్తం గీతలు 625, అందులో బొమ్మ కనిపించేవి 576. ఢిల్లీలో దూరదర్శన్ 1959 సెప్టెంబర్ 15న మొదలైంది. 1982లో ఆసియా క్రీడలప్పుడు రంగులొచ్చాయి, ఆ రంగు పద్ధతి పాల్. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్. అక్కడ 525 గీతలు, సెకనుకు 30 ఫ్రేములు.

మరి 29.97 అనే ఆ వంకర అంకె ఎక్కడిది? 1953 డిసెంబర్‌లో అమెరికా ప్రభుత్వం ఎన్‌టీఎస్‌సీ రంగుల పద్ధతిని ఆమోదించింది. అప్పటికే ఇళ్లల్లో ఉన్న నలుపు తెలుపు టీవీల్లో కూడా రంగుల ప్రసారం కనపడాలి. రంగు కోసం కొత్తగా కలిపిన సిగ్నల్, 45 లక్షల హెర్ట్జ్ దగ్గరున్న శబ్దం సిగ్నల్‌తో గొడవపడి తెర మీద చుక్కలు తేలకుండా ఉండాలి. అందుకని శబ్దాన్ని అక్కడే ఉంచి గీతల వేగాన్ని రవ్వంత తగ్గించారు. 45,00,000ని 286తో భాగిస్తే సెకనుకు 15,734 గీతలు. దాన్ని 525తో భాగిస్తే 29.97. అంటే 30కి వెయ్యింట ఒక వంతు తక్కువ. ఆ ఒక్క వంతు అప్పటి నుంచి ఇప్పటి హెచ్‌డీ దాకా అమెరికా టీవీని వదల్లేదు. 59.94 కూడా దాని సంతానమే, 23.976 కూడా దాని సంతానమే.

ఇవన్నీ తెలిశాక మాస్టర్, అంటే అన్ని వెర్షన్లకీ మూలమైన ప్రతి, ఏ వేగంలో ఉండాలన్న ప్రశ్న వచ్చింది. మా అక్క కొడుకు నా దగ్గరే పని నేర్చుకుంటున్నాడు. వాడు, "మావయ్యా, 60లో తీసేద్దాం. ఎక్కువ ఫ్రేములు ఉంటాయి కదా, హైదరాబాద్‌కి తగ్గించి ఇచ్చేద్దాం" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. కానీ 60 నుంచి 50కి రావాలంటే ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి తీసెయ్యాలి. నడిచే మనిషి సెకనుకు పది సార్లు సన్నగా తొట్రుపడుతున్నట్టు కనిపిస్తాడు. అదొక్కటే కాదు, మనం తీసేది మన కరెంటు కింద. మన దీపాలు 50 హెర్ట్జ్ మీద నడుస్తాయి, సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. షట్టర్, అంటే ఒక్కో ఫ్రేము వెలుతురు పట్టే సమయం, సెకనులో 50వ వంతు పెడితే ప్రతి ఫ్రేములోకీ సరిగ్గా రెండు వెలుగులు వస్తాయి, 100వ వంతు పెడితే ఒకటి. 60వ వంతు పెడితే ఒక ఫ్రేములోకి ఎక్కువ, ఒకదాంట్లోకి తక్కువ వెలుగు పడి బొమ్మ కొట్టుకుంటుంది. 60 ఫ్రేముల్లో తీస్తూ షట్టర్ 50వ వంతు పెట్టడం కుదరదు. 100వ వంతు పెడితే మినుకు పోతుంది గానీ ఆ మసక మగ్గం గదుల్లో వెలుతురు సగానికి సగం పోతుంది.

మాటలతో వాడికి నమ్మకం కలగలేదు. సరే, చూపిస్తాను అని ఒక నేతగాళ్ల ఇంటికి తీసుకెళ్లాను. ఆ గదిలో గుంటమగ్గం మీద చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు ఒకటి, కొత్తగా పెట్టిన చవక ఎల్‌ఈడీ బల్బులు రెండు ఉన్నాయి. ముందు కెమెరాలో సిస్టమ్ ఫ్రీక్వెన్సీని 59.94కి మార్చి, షట్టర్ 60వ వంతులో తీశాం. మానిటర్ మీదే గోడ అంతా అలలు అలలుగా చీకటి వెలుగు అవుతోంది. తర్వాత 50కి మార్చి, షట్టర్ 50వ వంతులో తీశాం. గోడ నిశ్చలంగా ఉంది. మగ్గం మీద కూర్చున్న తాతగారు తెర చూసి, "ఇందాక కరెంటు పోయేలా ఉందేటి బాబూ?" అని అడిగారు. మా వాడు ఇంకేం మాట్లాడలేదు.

కొన్ని కెమెరాల్లో ఈ మార్పు చెయ్యాలంటే మెనూలో పాల్, ఎన్‌టీఎస్‌సీ అని ఉంటుంది. కొన్నిట్లో వీడియో సిస్టమ్ అనో, సిస్టమ్ ఫ్రీక్వెన్సీ అనో ఉంటుంది. పాత మోడళ్లు కొన్ని మార్చగానే కార్డు ఫార్మాట్ చెయ్యమంటాయి. కాబట్టి షూటింగ్ మధ్యలో దీని జోలికి పోకూడదు. దుబాయ్ నుంచో అమెరికా నుంచో ఎవరైనా తెచ్చిచ్చిన కెమెరా అయితే పెట్టె తెరవగానే ముందు ఇదే చూసుకోవాలి.

అలా 50 కుటుంబం ఖాయమైంది. ఇక 25 ఫ్రేములా, 50 ఫ్రేములా? మా పెద్ద కెమెరా 4కె, అంటే 3840 బై 2160, 25 ఫ్రేముల దాకే తీస్తుంది. 50 ఫ్రేములు కావాలంటే 1080కి దిగాలి. పాత పాల్ ఫ్రేములో చుక్కలు 4.15 లక్షలు, హెచ్‌డీలో 20.7 లక్షలు, 4కెలో దాదాపు 83 లక్షలు. అంటే ఒకవైపు నాలుగింతల చుక్కలు, ఇంకోవైపు రెండింతల కదలిక. ఇలాంటి చోట చాలామంది చుక్కల వైపే మొగ్గుతారు. నేను షాట్‌ని బట్టి విడదీశాను. కూర్చుని మాట్లాడేవాళ్లు, చీర అంచు దగ్గర నుంచి చూపించేవి, వీధులు, గుడి, ఇవన్నీ 4కె 25లో. మగ్గం నడవడం, ఊరేగింపు, వేషాలు, ఇవన్నీ 1080 50లో. ఇచ్చేది ఎలాగూ 1080యే కాబట్టి రెండో రకంలో పోయేదేమీ లేదు. కదలిక మాత్రం పూర్తిగా దొరుకుతుంది.

షట్టర్ దగ్గర ఇంకో లెక్క ఉంది. నేను మొత్తం మీద ఎక్కువ ఆలోచించింది దీని గురించే. మామూలు సూత్రం ప్రకారం 50 ఫ్రేములకి షట్టర్ 100వ వంతు. కానీ అలా తీసినదాన్ని తర్వాత 25కి దించాలంటే ఒకటి విడిచి ఒకటి ఫ్రేము తీసేస్తాం. అప్పుడు మిగిలిన ఫ్రేముల్లో కదలిక మసక సగమే ఉంటుంది, బొమ్మ టకటకా కొట్టినట్టు కనిపిస్తుంది. అదే 50 ఫ్రేముల్లో కూడా షట్టర్ 50వ వంతే ఉంచితే, ఫ్రేములు సగం తీసేశాక కూడా 25లో మామూలుగా తీసినట్టే మెత్తగా ఉంటుంది. అమెరికాకి పంపేటప్పుడు 25కి దించే అవసరం వస్తుందని నాకు ముందే అనుమానం. అందుకని ఊరేగింపు అంతా 50వ వంతులోనే తీశాను. ఒక్క నాడె (అడ్డపోగుని అటూ ఇటూ మోసేది) షాట్లకి మాత్రం 100వ వంతు పెట్టాను. పడుగు (నిలువు దారాలు) మధ్యలోంచి నాడె దూసుకుపోవడం సగం వేగంలో చూపించాలి. దానికి ప్రతి ఫ్రేమూ స్పష్టంగా ఉండాలి. 50లో తీసింది 25లో నడిపిస్తే సరిగ్గా సగం వేగం వస్తుంది, కంప్యూటర్ కల్పించే ఫ్రేము ఒక్కటి కూడా అక్కర్లేదు.

చీరల దగ్గర రిజల్యూషన్ అసలు పరీక్ష పెట్టింది. బరంపురం పట్టు చీరకీ, మగవాళ్లు కట్టే జోడుకీ 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంచులో గుడి గోపురాల్లాంటి కుంభం వరసలు, వాటి కింద సన్నటి జరీ గీతలు దాని ప్రత్యేకత. ఆ గీతలే కెమెరాకి గండం. కెమెరాలో బొమ్మని పట్టే సెన్సర్ గళ్లూ, జరీ గీతలూ ఒకదాని మీద ఒకటి పడి, దోమతెర మీద ఇంకో దోమతెర వేసినప్పుడు కనపడే అలల్లాగా రంగు రంగుల చారలు తేలతాయి. అవి చీరలో లేవు. నేసినవాళ్లు తెర మీద చూస్తే వాళ్ల చీర వాళ్లే గుర్తుపట్టలేరు. కొన్ని కెమెరాలు ఫ్రేమ్ రేట్ పెంచగానే సెన్సర్‌లో గీతలు దాటేస్తూ చదువుతాయి, అప్పుడు ఇది ఇంకా ముదురుతుంది. మా కెమెరాలో అదే చీరని 1080 50లోనూ 4కె 25లోనూ పక్కపక్కన తీసి చూశాం. 1080లో అంచు మీద ఊదా, పచ్చ చారలు పాకాయి. 4కెలో తీసి 1080కి దించినదాంట్లో గీత గీతా విడిగా నిలబడింది. అందుకే చీర దగ్గరి షాట్లు 4కెకి వెళ్లాయి. 4కె వల్ల ఉపయోగం లేదని నేను అనను. దానికి తగ్గ చోటు ఇలాంటిది.

ఠాకురాణి యాత్ర మా ఊళ్లో రెండేళ్లకోసారి జరుగుతుంది, చైత్రంలో మొదలవుతుంది. బుఢీ ఠాకురాణి అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు భావించి, నేతగాళ్ల పెద్ద అయిన దేశీ బెహరా వీధిలో నిలుపుతారు. మొక్కున్నవాళ్లు వేషాలు కడతారు, పులి వేషాలు వీధుల నిండా తిరుగుతాయి. నేతగాళ్ల కథకి ఆ రాత్రుల దృశ్యాలు లేకపోతే ప్రాణం ఉండదు. పులి వేషగాడు ఒంటికాలి మీద తిరిగి దూకేటప్పుడు 25 ఫ్రేముల్లో పచ్చ చారల ముద్ద ఒకటి కనిపిస్తుంది. 50లో వాడి చేతులు, తోక, ముఖం అన్నీ కనిపిస్తాయి. ఎదురుగా నిలబడి చూసినట్టే ఉంటుంది. క్రికెట్ లాంటి ఆటలు టీవీలో అంత సాఫీగా కనపడేది కూడా ఈ 50 కదలికల వల్లే.

అందరం కలిసి తీసినా గుంపులోకి కెమెరా దూరని చోట్లుండేవి. అక్కడ కుర్రాళ్లు ఫోన్లలో తీసినవి అడిగి తీసుకున్నాం. ఫోన్‌తో రెండు తిప్పలు. ఒకటి, అది మామూలుగా 30 ఫ్రేముల్లో తీస్తుంది. రెండు, ఆ 30 కూడా స్థిరంగా ఉండదు, వెలుతురు తగ్గితే ఫోనే తగ్గించేసుకుంటుంది. అలాంటి క్లిప్పుని నేరుగా ఎడిటింగ్‌లో వేస్తే పోనుపోను మాటకీ పెదవికీ పొంతన తప్పుతుంది. మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూస్తే వేరియబుల్ (మారుతూ ఉండేది) అని చూపిస్తుంది. ముందు హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేట్‌కి మార్చుకున్నాం. తర్వాత 30ని 25 చెయ్యడానికి ఫ్రేములు తీసెయ్యలేదు. అవే ఫ్రేముల్ని సెకనుకు 25 చొప్పున నడిపించాం. కదలిక ఆరింట ఒక వంతు నెమ్మదిస్తుంది, ఒక్క ఫ్రేము కూడా పోదు. జనం, దీపాలు, హారతి లాంటి షాట్లకి ఆ కాస్త నెమ్మది ఇంకా అందం తెచ్చింది. వాటి శబ్దం ఎలాగూ వాడుకోలేదు, దప్పుల మోత మా రికార్డర్‌లో విడిగా ఉంది. మీ ఫోన్‌లో 25 ఫ్రేముల ఎంపిక ఉంటే మాత్రం ముందే పెట్టుకోండి. ఐఫోన్‌లో కెమెరా సెట్టింగ్స్‌లో పాల్ ఫార్మాట్లు చూపించు అన్న బటన్ నొక్కితే వస్తుంది.

పాత యాత్ర ఒకటి మినీడీవీ క్యాసెట్‌లో దొరికింది. దాన్ని కాపాడింది మా వీధి పెద్దాయన ఒకరు. అందులో ఇప్పుడు లేని నేతగాళ్లు చాలామంది ఉన్నారు. అది 720 బై 576, నాలుగుకి మూడు నిష్పత్తి, 50 ఫీల్డుల ఇంటర్‌లేస్, పైగా కింది ఫీల్డ్ ముందు. హెచ్‌డీలో పై ఫీల్డ్ ముందు. ఈ వరస తారుమారైతే మనుషులు ముందుకు రెండడుగులు, వెనక్కి ఒక అడుగు వేసినట్టు వణుకుతారు. సాఫ్ట్‌వేర్ ఫీల్డ్ వరసని సరిగ్గా గుర్తించిందో లేదో క్లిప్ ప్రాపర్టీస్‌లో చూసి ఖాయం చేసుకున్నాం. తర్వాత రెండు ఫీల్డుల్ని కలిపి 25 చెయ్యకుండా, ఒక్కో ఫీల్డునీ ఒక్కో పూర్తి ఫ్రేముగా విప్పి 50 చేశాం. కలిపేస్తే సగం కదలిక చచ్చిపోయేది. సైజు 1440 బై 1080కి పెంచి, రెండు పక్కలా నలుపు వదిలేశాం. తెర నిండాలని అడ్డంగా సాగదీస్తే ఆ తాతలందరూ పొట్టిగా లావుగా అయిపోతారు. పైనా కిందా కోస్తే తలపాగాలు పోతాయి. ఛానల్ వాళ్లు నలుపు ఎందుకని అడిగితే ఇదే చెప్పాను, ఒప్పుకున్నారు.

ఎడిటింగ్ డావిన్చీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్‌లో. అందులో క్లిప్పులు వరసగా పేర్చే టైమ్‌లైన్‌కి ఫ్రేమ్ రేట్ ముందే పెట్టుకోవాలి, క్లిప్పులు లోపలికి వచ్చాక ప్రాజెక్టుది మార్చనివ్వదు. మొదట లాగిన క్లిప్పు వేరే వేగంలో ఉంటే, ప్రాజెక్టుని దీనికి మార్చమంటారా అని అడుగుతుంది. మా వాడు ఫోన్ క్లిప్పు లాగుతుంటే ఆ ప్రశ్న వచ్చింది, వద్దని నొక్కించాను. టైమ్‌లైన్ 1080 50 ప్రోగ్రెసివ్, అంటే ఫీల్డులు లేకుండా సెకనుకు 50 పూర్తి ఫ్రేములు. 25లో తీసిన మాటలు అందులో ఒక్కో ఫ్రేము రెండేసి సార్లు వస్తాయి, ఏ తేడా ఉండదు. 50లో తీసినవి ఉన్నవున్నట్టు ఉంటాయి. ఐరోపా ప్రసార సంస్థల సంఘం కూడా నిర్మాణానికి 1080 50 ప్రోగ్రెసివ్‌నే సూచిస్తుంది. దాన్నుంచి 1080ఐ50 తియ్యడం చాలా శుభ్రమైన పని. మొదటి ఫ్రేము నుంచి బేసి గీతలు, రెండో ఫ్రేము నుంచి సరి గీతలు తీసుకుంటే సరిపోతుంది.

ఇంటర్‌లేస్‌లో ఒక బాధ ఉంది, తెలుగులో టైటిళ్లు వేసేవాళ్లు గమనించాలి. ఒక్క చుక్క మందం ఉన్న అడ్డగీత ఒక ఫీల్డులోనే ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. అంటే సెకనుకు 25 సార్లు కనపడి మాయమవుతుంది. మన అక్షరాల తలకట్లు సన్నగా ఉండే ఫాంటు తీసుకున్నామంటే పేర్లన్నీ మిణుకుమిణుకుమంటాయి. కంప్యూటర్ మానిటర్ మీద ఇది కనపడదు, టీవీలో చూస్తేనే తెలుస్తుంది. మేం ఫైలుని పెన్‌డ్రైవ్‌లో వేసి షాపులోని టీవీలో చూశాం. ఫాంటు లావుది పెట్టి, నిలువుగా అతి కొద్దిపాటి బ్లర్ ఇచ్చాక నిలబడింది. చీర అంచుల మీద కూడా ఆ షాట్ల వరకే అదే బ్లర్ వాడాం. పేర్లన్నిటినీ నాలుగు అంచుల నుంచీ అయిదేసి శాతం లోపలికి జరిపాం.

హైదరాబాద్ వాళ్ల తనిఖీలో ఫైలు మొదటిసారే దాటింది. వాళ్ల ఇంజినీర్ ఫోన్ చేసి, "పులి వేషం లైవ్‌లా ఉంది సార్, ఏ కెమెరా?" అని అడిగారు. కెమెరా మామూలుదేనని, 50లో తీసి 50గానే ఉంచామని చెప్పాను.

అమెరికా వెర్షన్ దగ్గర అసలు పని మొదలైంది. 50ని 59.94 చెయ్యడానికి దారులు మూడు. పక్కపక్క ఫ్రేముల్ని కలిపి కొత్తవి చెయ్యడం మొదటిది. అందులో నాడె ఒకటికి రెండు దయ్యాలుగా కనిపించింది. కదలికని లెక్కగట్టి మధ్య ఫ్రేముల్ని కంప్యూటర్ చేత కల్పించడం రెండోది, ఆప్టికల్ ఫ్లో అంటారు. మాట్లాడే మనుషుల మీద అది అద్భుతంగా వచ్చింది. పడుగు దారాల దగ్గర మాత్రం ఒకేలా ఉన్న వందల గీతల్లో ఏది ఎటు కదిలిందో దానికి అర్థం కాలేదు. దారాలు నీళ్లలా కరిగిపోయాయి. దప్పు కొట్టే పుల్లలు గాలిలో విరిగాయి. దేవాంగుల ఇంటి కథలో దారం కరిగిపోతే ఇక మిగిలేదేముంది?

మూడో దారి పాతది. 25 ఫ్రేముల వెర్షన్‌ని 23.976 వేగానికి నెమ్మది చెయ్యడం. నాలుగు శాతం తేడా, కంటికి తెలియదు. ఏ ఫ్రేమూ పోదు, ఏదీ కల్పించక్కర్లేదు. ఆ తర్వాత 23.976 నుంచి 59.94 ఫీల్డులకి వెళ్లే పద్ధతి సినిమాలని టీవీలో వెయ్యడానికి అమెరికా వాళ్లు ఎన్నో ఏళ్లుగా వాడుతున్నదే. ఒక ఫ్రేముకి రెండు ఫీల్డులు, తర్వాతిదానికి మూడు, మళ్లీ రెండు, మళ్లీ మూడు. నాలుగు ఫ్రేములు అయిదవుతాయి. అక్కడి ప్రేక్షకుల కళ్లకి అది అలవాటు. దీనికి పులి వేషాలని 25కి దించాల్సి వచ్చింది. 50వ వంతు షట్టర్‌లో తీసి ఉంచడం అక్కడ ఆదుకుంది, టకటకలాడకుండా మెత్తగా వచ్చింది. హైదరాబాద్ వెర్షన్‌లో ఉన్న ఆ సాఫీతనం మాత్రం ఇందులో ఉండదు. దారం కరగడం కంటే అది నయమని నా నిర్ణయం.

నిడివి లెక్క కూడా కలిసొచ్చింది. 26 నిమిషాలు నెమ్మదించాక 27 నిమిషాల 6 సెకన్లు పైచిలుకు అయింది. వాళ్లకి 28 నిమిషాల 30 సెకన్లు కావాలి. మిగిలిన నిమిషం 23 సెకన్లలో, హైదరాబాద్ వెర్షన్‌లో చోటు దొరకని అద్దకం భాగం ఒకటి చేర్చాం. బావగారికి ఫోన్‌లో చెబితే, "అయితే మాకే ఎక్కువ ఇచ్చావన్నమాట" అని సంతోషించారు.

నెమ్మదిస్తే శబ్దం కూడా మందగిస్తుంది, గొంతు ముప్పావు స్వరస్థానం కంటే కాస్త తక్కువగా కిందకి దిగుతుంది. మాటలకీ పాటకీ శ్రుతి మారకుండా సాగదీసే పద్ధతి వాడాం. తాతగారి గొంతు తాతగారి గొంతులాగే ఉండాలి, ఇంట్లోవాళ్లు వింటారు. దప్పులకి మాత్రం ఆ పద్ధతి పనికిరాదు. దెబ్బ పడే క్షణం చెదిరిపోయి తడిసిన తోలు మీద కొట్టినట్టు వస్తుంది. వాటిని శ్రుతితో సహా మామూలుగా నెమ్మదించనిచ్చాం. దప్పు శ్రుతి అంత మాత్రం దిగితే ఎవరికీ తెలియదు, దెబ్బ మాత్రం గట్టిగా ఉండాలి.

డ్రాప్‌ఫ్రేమ్ టైమ్‌కోడ్ అంటే ఫ్రేములు పడేస్తారని మావాళ్లు చాలామంది అనుకుంటారు. ఫ్రేములేవీ పోవు, నంబర్లే కొన్ని దాటేస్తారు. 29.97ని 30గా లెక్కపెడుతూ పోతే గంటకి 108 ఫ్రేములు, అంటే 3.6 సెకన్లు గడియారం కంటే వెనకబడతాం. అందుకని ప్రతి నిమిషం మొదట్లో 00, 01 నంబర్లు వదిలేస్తారు, పదో నిమిషం, ఇరవయ్యో నిమిషం అలా పదుల దగ్గర మాత్రం వదలరు. నిమిషానికి రెండు చొప్పున 54 నిమిషాలకి 108, సరిపోయింది. సెకన్లకీ ఫ్రేములకీ మధ్య సెమీకోలన్ కనిపిస్తే అది డ్రాప్‌ఫ్రేమ్ అని గుర్తు. 28 నిమిషాల 30 సెకన్ల దగ్గర కచ్చితంగా ఆగాలన్న షరతు ఉన్నప్పుడు ఇది తప్పితే అరగంటకి దాదాపు రెండు సెకన్లు తేడా వస్తుంది. చివరి పేర్లు వాళ్ల ప్రకటనల కింద పడిపోతాయి. ఆ పేర్లలో నేతగాళ్లవి ఉన్నాయి కాబట్టి ఒకటికి రెండుసార్లు సరిచూశాం.

యూట్యూబ్‌కి పని తక్కువ. ఇంటర్‌లేస్ ఫైలు దానికి అసలు ఇవ్వకూడదు, తీసిన వేగంలోనే ప్రోగ్రెసివ్‌గా ఇవ్వమని వాళ్లే చెబుతారు. 1080 50 మాస్టర్‌ని అలాగే ఎక్కించాం. ఫోన్లూ కంప్యూటర్లూ ఎక్కువగా 60 హెర్ట్జ్ తెరలు కాబట్టి 50 అక్కడ పూర్తి సాఫీగా నడవదు, నిదానంగా పక్కకి తిరిగే షాట్లలో పట్టి చూస్తే తెలుస్తుంది. దానికోసం ఇంకో వెర్షన్ చెయ్యదలుచుకోలేదు. చీర అంచులు చూడాలనుకునేవాళ్ల కోసం ఆ 4కె షాట్లని మాత్రం కలిపి విడిగా చిన్న వీడియో చేసి, 3840 బై 2160లో 25 ఫ్రేములతో పెట్టాం.

భువనేశ్వర్‌లో ఒక ప్రదర్శనకి సినిమా హాలు ప్రతి కూడా అడిగారు. డిజిటల్ సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు, 2కె ఫ్లాట్ అనే సైజు అయితే 1998 బై 1080. అమెరికా కోసం చేసిన 23.976 వెర్షన్, ఫీల్డులు కలపకముందుది, దాచి ఉంచాం. దాన్ని 24కి తెస్తే తేడా వెయ్యింట ఒక వంతే. శబ్దం కూడా అంతే మార్చి, 1920 బొమ్మకి అటూ ఇటూ 39 చుక్కల నలుపు వదిలి ఇచ్చేశాం.